సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితము

చదువు ముగించిన పిమ్మట ఏమి పని చేయవలెనను ప్రశ్న ప్రతి విద్యార్థి మనస్సులోను, అంతకంటె నెక్కువగా వాని తలిదండ్రుల మనస్సులోను మెదలుచుండును. మన సీతంపేట కొండలలో ఈ ప్రశ్న మఱింత బరువైనది. కొండమీది పల్లెనుండి దిగివచ్చి, వసతిగృహమున నుండి పదవ తరగతివరకు చదివిన బాలుడు తాను నేర్చిన గణితమును, భౌతికశాస్త్రమును ఏ పనియందు వినియోగించుకొనవలెనో తెలియక మరల ఇంటికి బోయినచో, ఆ చదువు పరీక్షతోనే ముగిసినట్లగును. ఈ కాలమున అనేక పాఠశాలలలో విద్యార్థుల చేతికి పనిముట్లనిచ్చి, యంత్రములను విప్పించి కూర్పించి, కొలతలు కొలిపించి, ఆ పనులు ముందుముందు ఏ వృత్తులకు దారితీయునో చూపించు కార్యశాలలు నడుపుచున్నారు. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచనయని కొందఱు తలంచుచున్నారు. కాని నూఱేండ్లకు పూర్వమే ఈ మార్గమును తమ జీవితముచేతను, తాము నెలకొల్పిన సంస్థలచేతను చూపిన తెలుగువంశీయు లొకరు కలరు. వారే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి చరిత్రమును మన విద్యార్థులు తెలిసికొనుట మిక్కిలి అవసరము.

విశ్వేశ్వరయ్యగారు 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, అప్పటి మైసూరు సంస్థానములో చిక్కబళ్లాపురము చెంతనున్న ముద్దేనహళ్లి యను పల్లెలో జన్మించిరి. వారి పూర్వులు నేటి ఆంధ్రప్రదేశమున గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము అను గ్రామమునుండి అచ్చటికి వలసపోయిన తెలుగువారు. ఆ యూరిపేరే వారికి ఇంటిపేరై నిలిచినది. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. ఇంట విద్య కలదుగాని ధనము లేదు. బాలుడు పాఠశాలలో చదువుకొనుచుండగనే తండ్రి కాలధర్మము నొందిరి.

చిక్కబళ్లాపురములో ప్రాథమిక విద్య ముగిసినపిమ్మట ఆ బాలుడు బెంగళూరులోనున్న మేనమామగారి నాశ్రయించి పైచదువులకు పూనుకొనెను. చదువునకు కావలసిన సొమ్మును సంపాదించుకొనుటకు ఒక ధనికుల ఇంటిలో పిల్లలకు పాఠములు చెప్పుచుండెను. ఇట్లు తాను శిష్యుడును, గురువును అయి కష్టపడి, సెంట్రల్ కాలేజియందు 1881వ సంవత్సరమున బి.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. గణితమునందు వానికి గల ప్రజ్ఞను గుర్తించి మైసూరు ప్రభుత్వమువారు విద్యార్థివేతన మొసంగి పూనా నగరమందలి సైన్సు కాలేజికి ఇంజనీరింగు చదువుటకై పంపిరి. 1883వ సంవత్సరమున ఆయన ఆ పరీక్షలో బొంబాయి రాజధాని యంతటికిని ప్రథములుగా వచ్చిరి. ఆ విద్యార్థివేతనము లేకున్నచో తండ్రిలేని ఆ పల్లెటూరి బాలుడు ఎచ్చటనో గుమాస్తాగా నుండిపోయెడివాడు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. దీనితో మనకు ముందు పని కలదు.

1884వ సంవత్సరమున విశ్వేశ్వరయ్యగారు బొంబాయి ప్రభుత్వపు ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా నాసిక్కున ప్రవేశించిరి. తొలినాళ్లలోనే ఖాందేశమున ఒక వాగునకు అడ్డముగా గొట్టపు సైఫను కట్టించు పని వారికి అప్పగింపబడెను. కాలువనీరు వాగును దాటి ఆవలి యొడ్డునకు పోవలెను. వాగుపై వంతెన కట్టి నీటిని తీసికొనిపోవుట యొక విధము. గొట్టమును వాగు అడుగునకు దింపి ఆవలి ప్రక్కన పైకెక్కించుట రెండవ విధము. నీరు తన మట్టమును తాను వెదకికొనునని మన భౌతికశాస్త్ర పుస్తకములో ఒక్క వాక్యమున్నది. ఆ వాక్యమే ఆ గొట్టములో పనిచేయుచుండును. కొండమీది ఊటనుండి గొట్టము వేసి, మోటారు లేకయే దిగువ పల్లెకు నీరు తెచ్చుకొను మన గిరిజన గ్రామములవారు ఈ సూత్రమును కన్నులార చూచుచునే యున్నారు. వానకాలపు వఱదలకు, బురదకు, ఇసుకకు ఓర్చి ఆ యువ ఇంజనీరు పనిని ముగించెను. పుస్తకములో చదివిన సూత్రమునకు నేలమీద ఎన్ని చిక్కులు వచ్చునో అచ్చట వారికి తెలిసినది.

1894వ సంవత్సరమున సింధుదేశమందలి సక్కరు పట్టణమునకు మంచినీటి వసతి కల్పించుటకై వారిని పంపిరి. సింధునది ప్రక్కనే ప్రవహించుచున్నను ఆ నీరు ఒండ్రుతో కలసి మురికిగా నుండెను. నీటిని వడపోయుటకు పెద్ద తొట్లు కట్టవలెనన్న పురపాలక సంఘమువారియొద్ద తగిన ద్రవ్యము లేదు. విశ్వేశ్వరయ్యగారు నది యొడ్డున, ఇసుకలోనే నూయి త్రవ్వించిరి. నదినీరు ఇసుక పొరలగుండ మెల్లగా దిగి, తానే వడగట్టుకొని, తేటనీరై నూతిలోనికి వచ్చినది. ఆ నీటిని తోడి పట్టణమునకు అందించిరి.

ఈ ఉపాయము మన పిల్లలకు ఆశ్చర్యము గొలుపదు. వేసవిలో గెడ్డ యెండినప్పుడు మన తల్లులు ఇసుకలో చెలమ త్రవ్వి తేటనీరు పట్టుకొనుట వారు నిత్యము చూచుచునే యున్నారు. సక్కరులో జరిగినది చెలమను లెక్కకట్టి పెద్దదిగా చేయుటయే. ఎంత లోతు త్రవ్వవలెను, గడియకు ఎంత నీరు ఊరును, ఎన్ని కుటుంబములకు చాలును అని కొలిచి చెప్పగలుగుట ఇంజనీరు విద్య. కాబట్టి ఇంటిలోని తెలివికిని బడిలోని చదువునకును నడుమ గోడ లేదు. కొలత యను వంతెన కలదు.

పిమ్మట పూనా సమీపమందలి ఖడక్‌వాస్లా జలాశయపు పని వచ్చెను. ఆ జలాశయము పూనా పట్టణమునకు త్రాగునీటిని, పొలములకు సాగునీటిని ఇచ్చుచుండెను. వానకాలమున నీరు కలుజుమీదుగా పొంగి వృథాగా పోవుచుండెను, వేసవిలో చాలకుండెను. ఆనకట్టను ఎత్తుచేయుటకు పునాదుల బలము, వ్యయము అడ్డువచ్చెను. అప్పుడు విశ్వేశ్వరయ్యగారు కలుజుమీద తమంతట తామే తెఱచుకొని మూసికొను తలుపులను కల్పించిరి. నీరు నియమిత మట్టమును మించినప్పుడు నీటి ఒత్తిడిచేతనే తలుపులు తెఱచుకొని అధికజలము బయటికి పోవును. మట్టము తగ్గినప్పుడు మూసికొనును. రాత్రి వఱద వచ్చినను కావలివాడు పరుగెత్తి తలుపు లెత్తవలసిన పని లేదు. ఈ విధముగా ఆనకట్ట ఎత్తు పెంచకయే ఇంచుమించు 8 అడుగుల నీరు అధికముగా నిలువచేయగలిగిరి. 1903వ సంవత్సరమున ఆ తలుపులు అచ్చట నెలకొన్నవి. ఇట్టి తలుపులే తరువాత గ్వాలియరులోని తిగ్రా ఆనకట్టకును, మైసూరులోని కృష్ణరాజసాగరమునకును అమర్పబడినవి.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. ఇండ్లు కూలినవి, వంతెనలు మునిగినవి. అప్పటికి విశ్వేశ్వరయ్యగారు బొంబాయి ఉద్యోగమును విడిచి విదేశములలో సంచరించుచుండిరి. నిజాము ప్రభుత్వమువారి కోరికపై 1909వ సంవత్సరమున హైదరాబాదునకు వచ్చి, ముందుగా వఱద కారణములను శోధించుటకు పూనుకొనిరి. ఏ యూరిలో ఎంత వాన కురిసినది, నీరు ఏ గంటకు ఎంత ఎత్తునకు వచ్చినది, ఎగువ చెఱువులు ఎన్ని తెగినవి యను లెక్కలను కూర్పించిరి. నదీ పరీవాహక ప్రాంతమున రెండువందలకు మించిన చెఱువులు తెగి, వాని నీరంతయు ఒక్కమాఱుగా నగరముమీదికి వచ్చిపడినట్లు తేలినది. వ్యాధి నిదానము తెలిసినపిమ్మట ఔషధము సులభమయ్యెను. నగరమునకు ఎగువన మూసీకిని దాని ఉపనది యగు ఈసీకిని అడ్డముగా రెండు జలాశయములు కట్టి వఱదను పట్టి నిలిపి, మెల్లగా వదలవలెనని వారు సూచించిరి. వారి సూచన ననుసరించి 1920వ సంవత్సరమున ఉస్మాన్‌సాగరమును, 1927వ సంవత్సరమున హిమాయత్‌సాగరమును పూర్తియైనవి. వఱదనుండి కాపాడుటకు కట్టిన ఆ జలాశయములే నగరమునకు త్రాగునీటిని కూడ ఇచ్చినవి. నేటికిని అవి నిలిచియున్నవి.

1909వ సంవత్సరాంతమున మైసూరు మహారాజావారి ఆహ్వానముపై విశ్వేశ్వరయ్యగారు ఆ సంస్థానమునకు చీఫ్ ఇంజనీరుగా వచ్చిరి. 1911లో కావేరీనదిపై కృష్ణరాజసాగరపు నిర్మాణము ఆరంభమై 1930 తరువాతి సంవత్సరములలో ముగిసెను. ఒకటిన్నర మైలునకు మించిన పొడవుగల ఆ రాతి ఆనకట్టకు సిమెంటు వాడలేదు. ఇటుకపొడిని సున్నముతో కలిపిన సుర్కీ అడుసును వాడిరి. ఆ నీటివలన మండ్య ప్రాంతపు మెట్టభూములు చెఱకుతోటలైనవి. శివసముద్రము జలపాతమువద్ద విద్యుచ్ఛక్తి యంత్రములు వేసవియందును నిలువక తిరుగుటకు వీలు కలిగినది.

1912నుండి 1918వరకు వారు మైసూరు దివానుగా నుండిరి. ఈ ఆఱేండ్లలో వారు విద్యకై చేసిన కృషి మనకు ముఖ్యమైనది. ప్రాథమిక విద్యను నిర్బంధము చేయుటకు చట్టము తెచ్చిరి. గ్రామములలో బడులను మిక్కిలిగా పెంచిరి. బాలికల విద్యకు ప్రోత్సాహ మొసంగిరి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసినది. ఆ రోజులలో తెలుగు కవియును, విద్వాంసుడును నగు కట్టమంచి రామలింగారెడ్డిగారు మైసూరు విద్యాశాఖలో పనిచేసిరి; పిమ్మట వారే ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులైరి. అయితే విశ్వేశ్వరయ్యగారికి పట్టభద్రులను పెంచినంత మాత్రమున తృప్తి కలుగలేదు. వ్యవసాయ పాఠశాలను, యంత్రవిద్య నేర్పు పాఠశాలను, వడ్రంగము, కమ్మరము మొదలగు వృత్తులు నేర్పు సంస్థలను ప్రోత్సహించిరి. 1917లో బెంగళూరులో ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పిరి. గుమాస్తా కొలువునకు మాత్రమే పనికివచ్చు చదువు దేశమును పేదఱికమునుండి లేవనెత్తజాలదని వారి దృఢవిశ్వాసము. జపాను, అమెరికా మొదలగు దేశములు తిరిగి, అచ్చట పాఠశాలకును కర్మాగారమునకును గల సంబంధమును వారు శ్రద్ధతో పరిశీలించి యుండిరి.

మహనీయుల చరిత్రము వ్రాయునప్పుడు మనకు నచ్చిన భాగమును మాత్రమే చెప్పి తక్కినదానిని దాచుట న్యాయము గాదు. 1918వ సంవత్సరమున మైసూరు మహారాజావారు, ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన వర్గములకు తగిన భాగము కల్పించుటను గూర్చి విచారించుటకై ప్రధాన న్యాయమూర్తి లెస్లీ మిల్లరుగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. ఉద్యోగములకు యోగ్యత యొక్కటే ప్రమాణము కావలెననియు, జాతినిబట్టి భాగములు పంచినచో పరిపాలన క్షీణించుననియు విశ్వేశ్వరయ్యగారు భావించిరి. ఈ అభిప్రాయభేదమువలన వారు దివాను పదవిని త్యజించిరి. మరుసటి సంవత్సరమున మిల్లరు సంఘమువారు వెనుకబడిన వర్గములకు అనుకూలముగా తమ నివేదికను సమర్పించిరి.

ఈ విషయమున వారి అభిప్రాయముతో మనము ఏకీభవింప నవసరము లేదు. యోగ్యత గొప్పది, కాని యోగ్యత తలుపువద్దకు వచ్చినప్పుడు తలుపు తెఱచి యుండవలెను. పూనాకు పంపిన విద్యార్థివేతనము విశ్వేశ్వరయ్యగారి యెడల తెఱువబడిన తలుపు. పండితవంశమున పుట్టిన బాలునకే ప్రభుత్వసహాయము అంత యవసరమైనప్పుడు, తరతరములుగా బడి మొగమే చూడని కుటుంబముల పిల్లల కెంత యవసరమో వేఱుగ చెప్పనక్కఱలేదు. నేడు సవర, జాతాపు బాలబాలికలు వసతిగృహములలో నుండి చదువుకొని, ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు అగుచున్నారన్నచో అది తలుపు తెఱచినందువలననే. అయినను విశ్వేశ్వరయ్యగారి మాటలో ఒక సారము మిగిలియున్నది. తలుపు తెఱచినంతమాత్రమున పని పూర్తికాదు. లోపలికి వచ్చినవానికి పని చేతికి రావలెను. ఈ రెండవ భాగమును వారు తమ జీవిత శేషమున చేసి చూపిరి.

భద్రావతిలో మైసూరు ప్రభుత్వమువారు స్థాపించిన ఇనుము కర్మాగారము 1923లో పని ప్రారంభించినది. అచ్చటి కొలిమికి అడవికఱ్ఱ బొగ్గును వాడుచుండిరి. ఆరంభముననే నష్టములు రాగా, ప్రభుత్వమువారు విశ్వేశ్వరయ్యగారిని ఆ కర్మాగారపు పాలకసంఘమునకు అధ్యక్షులుగా పిలిచిరి. వారు వ్యయములు తగ్గించి, విదేశీయులు చేయుచున్న పనులకు దేశీయ యువకులను తర్ఫీదు చేసి, కర్మాగారమును నిలువబెట్టిరి. దీనికి వారు జీతము తీసికొనలేదు. తమకు రావలసిన ఆ సొమ్మును యువజనులకు వృత్తివిద్య నేర్పు ఒక సంస్థకై వినియోగింపవలెనని కోరిరి. ఆ విధముగా 1943లో బెంగళూరున వృత్తివిద్యాసంస్థ వెలసినది. దానికి వారి పేరు పెట్టుదమనగా వారు అంగీకరింపక, మహారాజావారి పేర శ్రీ జయచామరాజేంద్ర వృత్తివిద్యాసంస్థ యని పెట్టించిరి. అది నేటికిని పాలిటెక్నిక్కుగా నడచుచున్నది. బి.ఏ. చదువు చదివి ఇంజనీరై, దివానై, ప్రఖ్యాతి గాంచిన పురుషుడు తన సొమ్మును చేతిపని నేర్పు బడికి ధారపోయుటలో వారి హృదయము మనకు గోచరించుచున్నది.

విశ్వేశ్వరయ్యగారు కాలమును ధనముకంటె విలువైనదిగా చూచుకొనిరి. చెప్పిన గంటకు చెప్పినచోట నుండుట, చేయు పనికి ముందుగా లెక్క వ్రాసికొనుట, శుభ్రమైన దుస్తులు ధరించుట, మితముగా భుజించుట వారి నియమములు. దేశము ప్రణాళిక ప్రకారము అభివృద్ధి చెందవలెనని 1934లో ఒక గ్రంథమును ప్రకటించిరి. 1955లో భారత ప్రభుత్వమువారు భారతరత్న బిరుద మొసంగి గౌరవించిరి. నూఱేండ్లు నిండిన పిమ్మట 1962వ సంవత్సరము ఏప్రిలు నెలలో వారు బెంగళూరున పరమపదించిరి. వారి జన్మదినమగు సెప్టెంబరు 15వ తేదీని మన దేశమున ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు.

వారు తలపెట్టిన మార్గము నేడు పాఠశాలలకు కూడ వచ్చియున్నది. 2016వ సంవత్సరమునుండి నీతి ఆయోగమువారు అటల్ టింకరింగ్ ల్యాబు లను పేర దేశమందలి పాఠశాలలలో ప్రయోగశాలలను నెలకొల్పించుచున్నారు. వానిలో ఆఱవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు గల విద్యార్థులు విద్యుత్ పరికరములతోను, చిన్న యంత్రములతోను తామే వస్తువులను తయారుచేయవచ్చును. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము, ఆఱవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు గల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వచ్చి, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మొదలగు స్థానిక వృత్తినిపుణులయొద్ద పని నేర్చుకొనవలెనని సూచించినది.

ఖరీదైన యంత్రములు లేనిదే ఇట్టి విద్య సాధ్యము కాదని మనము చేతులు కట్టుకొని కూర్చుండరాదు. మన కొండలే ఒక కార్యశాల. సవరలు కొండచరియలను మెట్లుగా చెక్కి, సున్నము లేక రాతికట్లు పేర్చి, ఊటనీటిని ఒక మడినుండి వేఱొక మడికి దింపుచు వరి పండించుటను చూచి అనేక పరిశోధకులు ఆశ్చర్యపడిరి. అట్టి కట్టు ఏల కూలదు? దాని వాలు ఎంత? గెడ్డలో ఒక నిమిషమునకు ఎన్ని బిందెల నీరు పారుచున్నది? సీసాలో నీరు పోసి మట్టము చూచు పనిముట్టును ఎట్లు చేయవలెను? డబ్బాతో వానకొలత ఎట్లు తీయవలెను? ఈ ప్రశ్నలకు కఱ్ఱ, త్రాడు, సీసా, గడియారము చాలును. హైదరాబాదు వఱద కారణమును పట్టినది ఇట్టి కొలతలే.

కొలుచుట నేర్చినవానికి సర్వేయరు పని దగ్గఱ. తీగను, దీపమును కలుపుట నేర్చినవానికి ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను తరగతి భయము గొలుపదు. అనాస, జీడి, పసుపు మన కొండలలో పండుచున్నవి. వానిని ఎండబెట్టి, నిలువచేసి, తూచి అమ్ముటలో రసాయనశాస్త్రమును, యంత్రవిద్యయు, లెక్కయు మూడును కలవు. పాలిటెక్నిక్కునకు బోయినను, ఇంటర్మీడియటు చదివి ఇంజనీరింగునకు బోయినను, చేతితో చేసి చూచిన విద్యార్థికి పుస్తకము పరాయిదిగా తోచదు.

తలిదండ్రులకు ఒక్క మనవి. పిల్లవాడు పాతగడియారమును విప్పిన, పాడైన పంపును తడవిన, పుస్తకము విడిచి ఆటలాడుచున్నాడని కోపింపకుడు. ఆడపిల్ల సుత్తియు, స్క్రూడ్రైవరును పట్టిన వలదని వారింపకుడు. ఉపాధ్యాయులకు ఒక్క మనవి. ప్రతి పాఠము చివర, ఈ పాఠమును ఎవరు ఏ పనిలో వాడుకొనుచున్నారో పిల్లలకు చెప్పుడు. వీలైనచో ఆ పనివానినే తరగతికి పిలిపింపుడు. వంతెన కట్టు మేస్త్రి, విద్యుచ్ఛాఖ లైన్‌మాను, ఆస్పత్రి ల్యాబు పనివారు మన పిల్లలకు మంచి గురువులు.

విద్యార్థినీ విద్యార్థులారా! ముద్దేనహళ్లి బాలునకు తండ్రి లేడు, ధనము లేదు. చదువును పనిగా మార్చుకొను పట్టుదలయు, సమయమునకు అందిన సహాయమును కలవు. మీకును సహాయ మందుచున్నది. దానిని వృథా చేయక, ఈ సంవత్సరము మీలో ప్రతివారును నేర్చిన పాఠములలో ఒక్కదానినైనను చేతితో చేసి చూడుడు. మీ యూరి గెడ్డను కొలువుడు. కొలిచిన లెక్కను వ్రాసి మీ ఉపాధ్యాయులకు చూపుడు. ఆ లెక్కయే మీ మొదటి ఇంజనీరింగు పని యగును.